లెస్లీ చనిపోయిన పేజీ ఎక్కడ?

మొన్న రాత్రి మా అమ్మాయి పుస్తకం పట్టుకుని వచ్చి, "అమ్మా, లెస్లీ చనిపోయిన పేజీ ఏది? నాకు కనబడట్లేదు" అంది. పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి చూసిందట. రెండు కాగితాలు అతుక్కుపోయాయేమోనని గోటితో విడదీసి కూడా చూసిందట.

నాకు నవ్వొచ్చింది. మొదటిసారి చదివినప్పుడు నేనూ అదే పని చేశాను.

ఆ పుస్తకం కాథరిన్ పాటర్సన్ రాసిన 'బ్రిడ్జ్ టు టెరాబిథియా'. 1977లో వచ్చింది, మరుసటి ఏడాది, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ అందుకుంది. వర్జీనియాలో ఒక పల్లె. జెస్ అనే పదేళ్ల పిల్లాడు, పక్కింట్లోకి కొత్తగా దిగిన లెస్లీ. తాడు పట్టుకుని ఊగి వాగు దాటితే అవతల వాళ్లు కల్పించుకున్న రాజ్యం, టెరాబిథియా. వానలకు వాగు పొంగుతుంది. తాడు తెగుతుంది.

మా అమ్మాయికి స్కూల్లో గళ్లు గీసిన షీట్ ఒకటి ఇచ్చారు: పాత్రలు, స్థలం, థీమ్, సింబల్. సింబల్ గడిలో 'వంతెన అంటే స్నేహం' అని రాసేసింది. తప్పనను. కానీ అసలు గడే అందులో లేదు: కథను మనం ఎవరి వెనక నిలబడి చూస్తున్నాం?

జెస్ వెనక. మొదటి పేజీ నుంచి చివరిదాకా. లెస్లీ ఒంటరిగా వాగు దగ్గరికి వెళ్లిన రోజు జెస్ ఊళ్లోనే లేడు. తనకు ప్రాణమైన మ్యూజిక్ టీచర్‌తో వాషింగ్టన్‌లో మ్యూజియం చూస్తున్నాడు. నిద్రమత్తులో ఉన్న అమ్మతో ఊఁ అనిపించుకుని బయల్దేరాడు. లెస్లీని కూడా పిలవాల్సిందేమో అన్న ఆలోచన దారిలో వచ్చింది కానీ, టీచర్‌తో తనొక్కడే వెళ్తున్నందుకు లోలోపల సంతోషమే. వాడు అక్కడ లేడు కాబట్టి మనమూ లేం. ఇంటికొచ్చాక అక్క ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. వాడికెంత తెలిసిందో మనకూ అంతే. నా లెక్కలో ఈ నవలలో అన్నిటికంటే గట్టి పనితనం ఇదే. ఏడిపించే సీను రాయడం ఏమంత కష్టం కాదు, రాయకుండా ఆగడమే కష్టం. పాటర్సన్ కొడుకు స్నేహితురాలు, ఎనిమిదేళ్ల పిల్ల, 1974లో పిడుగు పడి చనిపోయింది. ఆ దుఃఖాన్ని ఇంట్లో చూసిన తల్లి రాసిన పుస్తకం ఇది.

మర్నాడు పొద్దున జెస్ పాన్‌కేకులు తింటాడు. సిరప్ బాగా పోసుకుని మరీ.

"అలా ఎలా తింటాడమ్మా?" అంది మా అమ్మాయి, కోపంగానే.

నేను జవాబు చెప్పలేదు. మొదటి పేజీ తీసి ఇచ్చాను. తెల్లవారుజామున లేచి జెస్ పరుగు ప్రాక్టీసు చేస్తుంటాడు, క్లాసులో అందరికంటే ముందుండాలని. స్కూలు తెరిచాక లెస్లీ వచ్చి వాణ్ని ఓడించేస్తుంది. ఆ పిల్ల పోయాక వాడి బుర్రలోకి ఒక ఆలోచన దూరుతుంది: ఇప్పుడు అయిదో క్లాసులో నేనే ఫస్టు.

ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత రబ్బరు తీసుకుని సింబల్ గడిలో వంతెనను చెరిపేసి 'పరుగు' అని రాసింది. పక్కన చిన్న అక్షరాల్లో, 'పాన్‌కేకులు కూడా'.