కుండీ కింద తాళంచెవి

శనివారం

ఈ రోజంతా ఫైనలియర్ పిల్లలు తియ్యబోయే థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్ మీదే గడిచింది. నిడివి ఎనిమిది నిమిషాలు. పొద్దున స్క్రిప్టు, మధ్యాహ్నం రెక్కీ (షూటింగు చోటు చూసి రావడం), సాయంత్రం లైటూ సౌండూ. తేలిన విషయాలు మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలి.

కథ సులువే. అమీర్‌పేటలో ఒక ఇంటి మీద పెంట్‌హౌస్ గది. రూమ్మేట్ ఊరెళ్లింది. నైట్ షిఫ్టు ముగించుకుని తెల్లవారుజామున అమ్మాయి ఒక్కతే గదికి వస్తుంది. లోపల ఇంకెవరో ఉన్నారు. మొదటి ప్రతిలో ముసుగు మనిషి ఉన్నాడు, కూరగాయల కత్తి ఉంది, ఆరుతూ వెలుగుతూ ఉండే ట్యూబ్‌లైటు ఉంది, చివర్లో ఇదంతా కల అని కూడా ఉంది. థ్రిల్లర్ లక్షణాలు చెప్పమంటే అందరికీ ముందు గుర్తొచ్చేవి ఇవే. కానీ ఇవన్నీ పైసామాను. అసలు సరుకంతా ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది అన్న లెక్కలో ఉంటుంది. పాత్ర కంటే ముందు ప్రేక్షకుడికి తెలిస్తే సస్పెన్స్. ఇద్దరికీ ఒక్కసారే తెలిస్తే షాక్. 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్లకింద బాంబు ఉదాహరణ ఇదే: ముందు చెప్పకుండా పేల్చేస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు, బాంబు ఉందని ముందే చూపిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. డబ్బులేని విద్యార్థి సినిమాకి ఇంతకంటే చవకైన ఎఫెక్టు దొరకదు.

అందుకే స్క్రిప్టు పక్కన మూడు గడులు గీయించాను: ప్రేక్షకుడికి తెలిసింది, అమ్మాయికి తెలిసింది, లోపలి మనిషికి తెలిసింది. ప్రతి సీనుకీ మూడూ నింపాలి. సీను అయ్యేసరికి ఏ గడిలోనూ మార్పు లేకపోతే ఆ సీను తీసెయ్యాలి. మెట్ల మీద పరుగు, అద్దంలో నీడ, పిల్లి దూకడం అన్నీ ఈ లెక్కలోనే ఎగిరిపోయాయి. తొమ్మిది పేజీలు ఐదయ్యాయి. పేజీకి ఒక నిమిషం అన్న లెక్క డైలాగు సినిమాకి సరిపోతుంది. మాటల్లేకుండా నడిచే సస్పెన్స్ సీను మాత్రం పేజీకి నిమిషంన్నర సులువుగా తింటుంది, కాబట్టి ఐదు పేజీలు ఎనిమిది నిమిషాలకి దాదాపు సరిపోతాయి.

ఇప్పుడు కథ ఇలా నిలబడింది. ఆఫీసు క్యాంటీన్లో అమ్మాయి రూమ్మేట్ పంపిన వాయిస్ మెసేజ్‌ని స్పీకర్లో వింటుంది: "నా తాళంచెవి తులసి కుండీ కింద పెట్టానే." ఫ్రేము అంచున టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంటుంది. ఆ చెయ్యి తోటి ఉద్యోగిది. దానికి క్లోజప్ వేస్తే కథ అక్కడే బయటపడిపోతుంది, ఫ్రేములో లేకపోతే చివర్లో ప్రేక్షకుడిని మోసం చేసినట్టు అవుతుంది. నడుము పైనుంచి చూపే మిడ్ షాట్‌లో ఉండాలి, కనబడాలి, కానీ చూపు అమ్మాయి మొహం మీదే ఉండాలి. తర్వాత డాబా మీద కుండీ జానెడు పక్కకి జరిగి ఉంటుంది. పాత చోట సిమెంటు మీద గుండ్రటి తడి మచ్చ. అమ్మాయి దగ్గర సొంత తాళంచెవి ఉంది కాబట్టి అటు చూడాల్సిన పని లేదు. మనం చూస్తాం. అక్కడి నుంచి ఆమె వేసే ప్రతి అడుగూ మనకి బరువే.

ముసుగు మనిషి పోయాక ప్రేక్షకుణ్ని పక్కదారి పట్టించడానికి పిల్లలు మెట్ల మీద ఇరవై లీటర్ల నీళ్ల క్యాను పెట్టి, క్యాను వేసే కుర్రాడి మీద అనుమానం వచ్చేలా రాశారు. రాసిన తర్వాత ఆ అనుమానం ఏమైందో ఎక్కడా లేదు. తప్పుదారి పట్టించే ప్రతి ఆధారానికీ తనదైన అమాయకమైన కారణం ఉండాలి, అది సినిమాలోనే తేలాలి. పైగా పని చేసుకునే పేద కుర్రాణ్ని దొంగలా చూపించే అలవాటు మన సినిమాల్లో మరీ పాతది, దాన్ని కొత్త పిల్లలు మోయక్కర్లేదు. క్యాను తీసేశారు.

ఫోను సంగతి ఈ కాలపు థ్రిల్లర్లన్నిటికీ పరీక్ష. అమీర్‌పేట నడిబొడ్డున సిగ్నల్ లేదంటే ఎవరూ నమ్మరు. బ్యాటరీ అయిపోవడం కూడా అరిగిపోయిన దారే. ఫోను పని చెయ్యాలి, దాని వల్లే ముప్పు పెరగాలి. బాత్రూంలో ఎవరో ఉన్నారని అనుమానం వచ్చాక 112కి చేస్తే మాట లోపలికి వినబడుతుంది. అందుకని దగ్గర్లో ఉండే తోటి ఉద్యోగికి మెసేజ్ పెడుతుంది. పంపగానే బాత్రూం తలుపు వెనక నుంచి ఫోను వైబ్రేషన్.

ఈ మలుపుని సౌండే మోయాలి. అది కూడా ఆ ఇంట్లోనే దొరికింది. తెల్లవారుజామున మునిసిపల్ నీళ్లు రాగానే కింద ఓనరు ఆంటీ మోటారు వేస్తారు, ట్యాంకు పెంట్‌హౌస్ గోడ పక్కనే ఉంది. మొదటి మెసేజ్ వెళ్లినప్పుడు మోటారు మోత, వైబ్రేషన్ అందులో కలిసిపోయి విన్నట్టూ విననట్టూ ఉంటుంది. ట్యాంకు నిండి నీళ్లు డాబా మీద పడతాయి, మోటారు ఆగుతుంది. నిశ్శబ్దం. అప్పుడు రెండో మెసేజ్. ఈసారి అది పరీక్షకి పంపినదై ఉండాలి: "ఎక్కడున్నావ్?" తలుపు వెనక గుర్రుమంటుంది. ఇక్కడ రెండు గడులు ఒకేసారి మారతాయి. ఆమెకి తెలిసిపోయింది, ఆమెకి తెలిసినట్టు అతనికి తెలియదు, ఈ రెండూ మనకి తెలుసు. "సరే, పడుకుంటున్నా" అని మూడోది పంపి, బయటి తలుపు వైపు నడుస్తుంది. గదిలోంచి బయటికి వెళ్లే దారి బాత్రూం ముందు నుంచే.

మోటారుని రెండు చోట్ల రికార్డు చెయ్యాలి: స్టార్టర్ దగ్గర మీటరు దూరంలో, తర్వాత గది తలుపు మూసి లోపల నుంచి. ఎడిటింగులో టప్పున కోసేస్తే అబద్ధంలా ఉంటుంది. నిజం మోటారు ఒకటి రెండు సెకన్లు తిరిగి తిరిగి ఆగుతుంది, తర్వాత పైపుల్లో గుడగుడ. ఆ తోక మొత్తం ఉంచాలి. నిశ్శబ్దం అంటే ట్రాకు ఖాళీ వదిలెయ్యడం కాదు. ఖాళీ వదిలితే ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాడు ఆడియో పోయిందనుకుంటాడు. గదిలో అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం రూం టోన్, అంటే ఆ గదికి మామూలుగా ఉండే సన్నటి చప్పుడు, తీసుకోవాలి, అదే అక్కడ పరవాలి. రికార్డరు సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. డైలాగు పీకులు (మాట బాగా గట్టిగా వచ్చే చోట్లు) మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే అరుపొచ్చినా సౌండు పగలదు. బూమ్ (కర్రకి కట్టిన మైకు) నటి తలకి అడుగూ అడుగున్నర పైన.

పిల్లలు ఆన్‌లైన్లో ఉచితంగా దొరికిన 'ఊమ్...' అని ఆగకుండా మోగే డ్రోన్ మ్యూజిక్ ఒకటి సినిమా అంతా పరుద్దామనుకున్నారు. ఫోను స్పీకర్లో 200 హెర్ట్జ్ కంటే కిందవి దాదాపు వినపడవు, ఈ సినిమా చూసేవాళ్లలో ఎక్కువమంది చూసేది ఫోనులోనే. మోటారుకీ అదే సమస్య. దాని అడుగు హమ్ మీద ఆధారపడకుండా బేరింగు గరగర పైన వినబడేలా ఈక్వలైజర్లో 300 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య కాస్త ఎత్తాలి. వైబ్రేషన్‌కి ఫోనుని ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి రికార్డు చేస్తే ఆ గుర్రు వస్తుంది. చేతిలో పట్టుకుంటే రాదు.

షూటింగప్పుడు ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపాలి. ఫ్రిజ్ ఆపినవాడు తన బండి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టాలి, అప్పుడు మళ్లీ వెయ్యడం మరిచిపోడు. ఫ్యాను మోత విడిగా కావాలి. చివర్లో అమ్మాయి రెగ్యులేటర్ ఐదుకి తిప్పి, ఆ గడగడ చాటున బాత్రూం గడియ బయట నుంచి పెడుతుంది. గడియ కిర్రుమంటుందని రెండో నిమిషంలోనే, ఏ భయమూ లేని సందర్భంలో వినిపించాలి. లేకపోతే ఫ్యాను ఎందుకు పెంచిందో ఎవరికీ అర్థం కాదు.

మధ్యాహ్నం రెక్కీలో బయటపడ్డ పెద్ద చిక్కు తాళం. ఆ గదికి తాళం కప్ప ఉంది. బయట కప్ప వేసి ఉంటే లోపల మనిషి ఉండడానికే వీల్లేదు, కథ మొత్తం కూలిపోతుంది. నైట్ ల్యాచ్ (తలుపు మూస్తే దానంతటదే పడే తాళం) ఉన్న తలుపు కావాలి. తలుపు షాట్లు వేరే ఇంట్లో తీసి కలపొచ్చు, రంగు ఒకటైతే చాలు. గది పది బై పన్నెండు. మొదటి నిమిషంలోనే ఒక వైడ్ షాట్‌లో తలుపు, బాత్రూం, మంచం, కిటికీ ఒకేసారి కనబడాలి, ఆరేడు సెకన్లు నిలవాలి. బాత్రూం ఏ వైపుందో తెలియని ప్రేక్షకుడికి ఆ నడకలో భయం పుట్టదు. మంచానికీ బాత్రూంకీ మధ్య ఊహాగీత గీసుకుని కెమెరా చివరిదాకా ఒక్క వైపే ఉండాలి. దాటితే రెండో మెసేజ్ దగ్గర ఒక్కసారే దాటాలి, అక్కడ కలవరం మనకి కావాలి కాబట్టి. ఇంకొకటి, కిటికీ ఊచల వెనక నుంచి వణుకుతూ చూసే షాట్లు రెండు రాశారు. అలా తీస్తే అక్కడ నిలబడి ఎవరో చూస్తున్నట్టే అర్థం. ఎవరూ లేనప్పుడు ఆ షాట్ అబద్ధం.

లైటింగులో అందరూ చేసే పని లైట్లన్నీ ఆర్పేసి కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురుకి స్పందించే స్థాయి) పెంచడం. నల్లగా రాదు, బూడిద రంగులో గింజలు గింజలుగా వస్తుంది. చీకటి కనపడాలన్నా వెలుతురు కావాలి: మొహానికి ఒక పక్క సరిగ్గా ఎక్స్‌పోజ్ చేసి, రెండో పక్క మూడు స్టాపులు (స్టాపు తగ్గితే వెలుతురు సగం) తక్కువ ఉంచాలి. తెల్ల సున్నం గోడలు ఉన్న లైటంతా గదిలోకి విసిరికొడతాయి, అందుకని కెమెరా వెనక గోడకీ నీడ పక్క గోడకీ నల్లగుడ్డ కట్టాలి, నటిని గోడకి కనీసం నాలుగడుగులు ఎడంగా నిలబెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50 వంతు. దీన్ని ఇష్టమొచ్చినట్టు మార్చితే ట్యూబ్‌లైట్ల కింద పట్టీలు కదలొచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో కొనే చవక ఎల్ఈడీ బల్బుల్లో కొన్ని 1/50లోనూ అదురుతాయి, ఒక్కోదాన్నీ వెలిగించి కెమెరాలో చూశాకే తీసుకోవాలి.

బాత్రూం తలుపు కింది సందులో వెలుగు గీత, దాన్ని పాదాల నీడ రెండుగా కొయ్యడం ఈ సినిమాకి ముఖ్యమైన బొమ్మ. లోపల ట్యూబ్‌లైటు ఉంటే నీడ అలుక్కుపోతుంది, పొడుగాటి లైటు కదా. బోడి బల్బు ఒక్కటి నేలమీద, తలుపుకి ఐదడుగుల వెనక పెడితే నీడ అంచులు పదునుగా పడతాయి. డాబా మీది కుండీ షాట్ తెల్లవారుజామునే తియ్యాలని పట్టు పట్టక్కర్లేదు. సూర్యాస్తమయం తర్వాత వచ్చే నీలం వెలుగూ అదే. దొరికేది ఇరవై నిమిషాలకు మించదు. కాబట్టి కుండీ జరపడం, తడి మచ్చకి నీళ్లు చల్లడం, ఫోకస్ గుర్తు అన్నీ ఎండ ఉండగానే సిద్ధం కావాలి. తడి మచ్చ ఆరిపోతూ ఉంటుంది, ప్రతి టేకుకీ మళ్లీ తడపాలి.

ఎడిటింగుకి రెండు మాటలే చెప్పాను. ఫోను తెర మీది మెసేజ్ పైకి రెండుసార్లు చదివేంత సేపు ఉండాలి. వైబ్రేషన్ వినపడ్డాక తలుపుకి కట్ చెయ్యొద్దు, ఆమె మొహం మీదే నాలుగు సెకన్లు ఆగాలి.

రఫ్ కట్ (మొదటి ఎడిటింగు ప్రతి) అయ్యాక కథ తెలియని ఐదుగురికి చూపించి, మోటారు ఆగే చోట సినిమా ఆపి మూడు అడగాలి: తాళంచెవి ఎక్కడుంది, బాత్రూం ఏ వైపుంది, ఎవరి మీద అనుమానం? మొదటి రెండిటికీ అందరూ సరిగ్గా చెప్పాలి. మూడోదానికి ఐదుగురూ తోటి ఉద్యోగి పేరే చెబితే క్యాంటీన్ షాట్‌లో ఆ చెయ్యి ఎక్కువసేపు కనబడుతున్నట్టు, అర సెకను తగ్గించాలి. చివరిదాకా చూశాక కూడా ఆ చెయ్యి ఎవరికీ గుర్తు రాకపోతే అర సెకను కలపాలి.