మెత్తటి చెప్పు కాదు, కాలు ఆనే చెప్పు

పోయినేడు సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచిన వారంలోనే నా కుడి మడమ నొప్పి మొదలయింది. తెల్లవారి మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ అడుగున మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకొని పది అడుగులు కుంటితే కాస్త సర్దుకొనేది, కాసేపు కూర్చొని లేస్తే మళ్ళీ అదే పోటు. 26 ఏళ్ళుగా నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెబుతున్న దాన్ని కనుక కాళ్ళ నొప్పులు నాకు కొత్త కావు. అయితే అవన్నీ సాయంత్రం వచ్చి రాత్రికి పోయే నొప్పులు. ఇది రాత్రంతా విశ్రాంతి తీసుకొని పొద్దున్నే పలకరించే నొప్పి.

ఎముకల డాక్టరు మడమ అడుగున లోపలి వైపు బొటనవేలితో ఒక్కచోట నొక్కేసరికి నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. మడమ ఎముక నుంచి కాలివేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి అడుగున దళసరి పట్టీ ఒకటి ఉంటుందని, వింటినారిలాగా పాదం వంపును నిలబెట్టేది అదేనని, ఏళ్ళ తరబడి లాగుడు పడి అది మడమ దగ్గర దెబ్బతిన్నదని ఆయన చెప్పారు. ఎక్స్‌రేలో ముల్లులాంటి ఎముక కనిపించి నేను బెదిరిపోతే, ఏ నొప్పీ లేని వాళ్ళలో కూడా అలాంటి ముల్లు చాలామందికి ఉంటుందనీ, దాన్ని తీసేయవలసిన పని లేదనీ ధైర్యం చెప్పారు. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీసే వ్యాయామం, గడ్డకట్టిన నీళ్ళ సీసాను అరికాలి కింద దొర్లించడం, మంచి చెప్పులు వేసుకోవడం, ఓపిక పట్టడం, ఇవీ ఆయన రాసిచ్చిన మందులు. మొదటి రెండూ ఎలా చేయాలో చూపించారు. మూడోది మాత్రం నా తెలివికి వదిలేశారు, అక్కడే నేను బోల్తా పడ్డాను.

నొప్పి ఉన్న కాలికి మెత్తటి చెప్పు కావాలనుకోవడం సహజమే. 1,100 రూపాయలు పెట్టి దూదిలాంటి బూట్లు కొన్నాను. అంగట్లో నాలుగడుగులు వేస్తే పరుపు మీద నడిచినట్టుంది. మూడు వారాలు తిరిగేసరికి నొప్పి రెట్టింపయింది. వాటి మెత్తదనం చాలలేదేమోనని ఇంకా మెత్తటివి 1,800 పెట్టి కొన్నాను. వాటితో మా తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో పొద్దుటి నడకకు వెళ్ళి, ఒక చుట్టు కూడా పూర్తి చేయలేక అరుగు మీద కూర్చుండిపోయాను.

నా కళ్ళు తెరిపించింది డాక్టరూ కాదు, అంగడివాళ్ళూ కాదు, మా వీధి మలుపులో చెప్పులు కుట్టే పెద్దాయన. హ్యాండ్‌బ్యాగు వారు తెగితే కుట్టించుకుందామని ఆగినప్పుడు ఆయన చూపు నా కాళ్ళ మీద పడింది. చేతిలోని ఆరె పక్కన పెట్టి, కుడి బూటు విప్పించి, ముందున్న చెక్క మీద నిలబెట్టి కొంచెం వెనక్కి జరిగి చూశారు. నాలుగు నెలలైనా నిండని ఆ బూటు తాగినవాడిలాగా లోపలి వైపుకు ఒరిగి నిలబడింది. తరువాత దాన్ని రెండు చేతులతో పట్టుకొని తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పితే మెలి తిరిగిపోయింది. ముందుకూ వెనక్కూ వంచితే సరిగ్గా నడిమధ్యకు మడిచిన పుస్తకంలాగా మడతపడింది. "చూస్తివా టీచరమ్మా, ఎత్తుగా ఉండాదే గానీ లోపల పస లేదు. బూటు వేళ్ళ మొదట్లో వంగాల గానీ నడుము కాడ వంగితే దాని పని నీ కాలే చేయాల" అన్నారు. ఇంత సూటిగా ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే 2,900 రూపాయలు మిగిలేవి.

ఆయన చెప్పింది డాక్టరు చెప్పిన దానితో కలిపి చూసుకుంటే విషయం బోధపడింది. అడుగు వేసేటప్పుడు మడమ పైకి లేచి కాలివేళ్ళు వెనక్కి వంగిన ప్రతిసారీ ఆ పట్టీ బిగుసుకుంటుంది. అడుగు గట్టిగా ఉన్న బూటు ఆ వంపును కొంత తన మీద వేసుకుంటుంది. దూదిలాంటి బూటు మడమను అటూ ఇటూ ఒరగనిచ్చి, పాదం వంపును కిందికి కూలనిచ్చి, లాగుడంతా పట్టీ మీదికే నెట్టేస్తుంది. అందుకని మడమను వెనకనుంచి పట్టుకొనే భాగం వేలితో నొక్కితే అణిగిపోకూడదు. అడుగు భాగం మెలితిరగకూడదు. మడమ వైపు వేళ్ళ వైపు కంటే కాస్త ఎత్తుగా ఉంటే పిక్క లాగుడు కూడా తగ్గుతుంది. మెత్తదనం వద్దని కాదు. అది ఈ గట్టిదనం మీద పరిచిన పలచటి పొరగా ఉండాలి, అన్నంలో నెయ్యిలాగా.

ఇక కొలత సంగతి. నేను పెళ్ళయిన నాటినుంచీ 5 నంబరు చెప్పులే కొంటున్నాను, నా పాదం ఎప్పుడూ అంతే ఉంటుందన్న నమ్మకంతో. వయసుతో, బరువుతో, కాన్పులతో పాదం సాగుతుందని ఎవరూ చెప్పలేదు. ఒక సాయంత్రం, కాళ్ళు పొద్దుటికంటే కొద్దిగా ఉబ్బి ఉండే వేళ చూసుకొని, పాత దినపత్రిక నేల మీద పరచి, బరువంతా మోపి నిలబడి, పెన్సిలు నిటారుగా పట్టి చుట్టూ గీయమని మా వారికి చెప్పాను. ఆయన టేపు పట్టిన దర్జీలాగా శ్రద్ధగానే గీశారు. ఎడమ పాదం 24 సెంటీమీటర్లు, కుడిది 24.4, వేళ్ళ మొదట్లో వెడల్పు 10 సెంటీమీటర్లు వచ్చాయి. కొనేది పెద్ద పాదానికే కొనాలి. పైగా పొడవాటి వేలికి ముందు చేతి బొటనవేలి మందం ఖాళీ ఉండాలి. అంటే ఇన్నేళ్ళూ నేను నా కాళ్ళను చిన్న డబ్బాలో కుక్కుతున్నానన్నమాట.

మన అంగళ్ళలో నంబర్లు బ్రిటిషు పద్ధతివి. ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. ఆ నంబరు చెప్పేది పొడవు ఒక్కటే, వెడల్పు ఊసే ఎత్తదు. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిచి, మన పాదాలు ఐరోపావాళ్ళ పాదాలకంటే వెడల్పని తేల్చి, మనకు తగిన కొలతల పద్ధతి ఒకటి తయారుచేసి దానికి 'భా' అని పేరు పెట్టింది. అది అంగట్లోకి వచ్చేదాకా మన దారి మనం చూసుకోవాలి. నేను చూసుకున్న దారి ఇది: దినపత్రిక మీది గీత వెంట కాగితాన్ని కత్తిరించి చేతిసంచిలో పెట్టుకొని గాంధీ రోడ్డుకు వెళ్ళాను. నచ్చిన ప్రతి బూటులోంచి లోపలి అట్ట బయటికి లాగి దాని మీద కాగితపు పాదాన్ని పరిచాను. కాగితం అంచు అట్ట దాటి బయటికి వస్తే ఆ జత పక్కన పెట్టేయడమే.

ఆడవాళ్ళ వరుసలో 6 నంబరు జతలు ఏడు చూస్తే ఏడింటిలోనూ చిటికెనవేలి దగ్గర కాగితం బయటికి వచ్చింది. "రెండు రోజులు తొడిగితే అదే వదులవుతుంది మేడమ్" అన్నాడు అంగట్లోని పిల్లవాడు. తోలు చెప్పు కరిస్తే నాలుగు రోజుల్లో మెత్తబడవచ్చు గాని, ఈ బూటు ముందు భాగం బిగువుగా ఉంటే వదులయ్యేది బూటు కాదు, కాలే. చివరికి మగవాళ్ళ వరుసలోకి వెళ్ళి 6 నంబరు అడిగాను. వాటి అచ్చే వెడల్పుగా ఉంటుంది కనుక కాగితం చక్కగా ఇమిడిపోయింది. మందపాటి మేజోళ్ళు తొడిగి, రెండు బూట్లకూ లేసులు బిగించి, అంగట్లో చాప మీద కాదు, బయటి బండల మీద పావుగంట నడిచాను. ఆ పిల్లవాడు నేను ఎత్తుకుపోతానేమోనని గుమ్మంలోనే నిలబడ్డాడు. 3,200 రూపాయలు, బూడిదరంగు, అందం అన్న మాటకు ఆమడ దూరం. చీర కింద వాటిని చూసి ఎనిమిదో తరగతి పిల్లలు రెండు రోజులు నవ్వుకున్నారు, మూడో రోజు మరిచిపోయారు.

ఇంత చేసినా నొప్పి సగమే తగ్గింది. బూట్లలో ఉండే గంటలు లెక్కపెట్టుకుంటే కారణం దొరికింది: రోజుకు ఏడెనిమిది గంటలు నేను ఇంట్లో వట్టి కాళ్ళతో కడప బండల మీద తిరుగుతున్నాను. అందులో రెండున్నర గంటలు పొయ్యి ముందు కదలకుండా నిలబడుతున్నాను. ఇంట్లో వేసుకోవడానికి వేరేగా ఎంసీఆర్ అనే రబ్బరు చెప్పులు తెచ్చుకుంటే మా అత్తగారు "వంటింట్లో చెప్పులేందమ్మా" అని ముఖం చిట్లించారు. అవి గడప దాటవని, పూజగది ముందు విడిచేస్తానని చెప్పినా ఆమె మనసు ఇప్పటికీ ఒప్పుకోలేదు, చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారంతే. నొప్పి నిజంగా దిగడం మొదలయింది మాత్రం ఆ చెప్పులు వచ్చాకనే.

ఈ ఎంసీఆర్, అంటే మైక్రోసెల్యులర్ రబ్బరు, మన పొరుగునే మొదలయిన సంగతి. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులకూ కాళ్ళకూ శస్త్రచికిత్సలు చేస్తూ, స్పర్శ పోయిన పాదాలకు పుండ్లు పడకుండా ఎలాంటి చెప్పు వేయాలా అని తలపట్టుకొన్నారు. ఆ వెతుకులాటలోనే ఈ రబ్బరు చెప్పులు వాడుకలోకి వచ్చాయి. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో పుట్టిన ఆ చెప్పులే ఇవాళ షుగరు ఉన్నవాళ్ళకు డాక్టర్లు రాసిస్తున్నారు. షుగరు వల్ల కాలు తిమ్మిరెక్కినవాళ్ళు నేను రాసిన అంగడి పరీక్షలను నమ్ముకోకూడదు. బూటు కరుస్తున్నదని చెప్పవలసిన కాలే వాళ్ళకు మాట్లాడదు కనుక డాక్టరుకు చూపించుకొనే కొనాలి, తొడిగే ముందు ప్రతిసారీ లోపల చేయి పెట్టి తడిమి చూసుకోవాలి.

తిరుమల కొండ దిగి తిరుచానూరు అమ్మవారి దగ్గరకు నడిచి వెళ్ళే స్వామివారి చెప్పులు కూడా అరిగిపోతాయని మన ప్రాంతంలో పెద్దలు చెబుతారు. అలిపిరి పాదాల మండపంలో భక్తులు తల మీద పెట్టుకొని ప్రదక్షిణ చేసే లోహపాదుకలు ఆ నమ్మకానికి గుర్తే. నేనైతే బూటు అడుగు అరిగేదాకా వాడే మనిషిని. అడుగు గీతలు చెక్కుచెదరకపోయినా లోపలి నురుగు 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య చచ్చిపోతుందని తెలిశాక, కొన్న తేదీని బాల్‌పెన్నుతో బూటు నాలుక లోపల రాసి పెట్టాను. రోజుకు నాలుగు కిలోమీటర్ల లెక్కన నాలుగు నుంచి ఆరున్నర నెలలు.

ఇప్పుడు పొద్దున్నే మంచం దిగితే మడమ గుర్తుకు రావడం లేదు. నొప్పి మొదలయిన రోజుల్లో మొక్కుకున్న మొక్కు మాత్రం బాకీ ఉంది. మా ఇంటి ఆచారం ప్రకారం మెట్లు వట్టి కాళ్ళతోనే ఎక్కాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మా వారు రెండోదే మేలంటున్నారు. అది పొట్టిదే గాని నిలువు ఎక్కువని నా భయం. ఏ దారిన ఎక్కాలో ఇంకా తేలలేదు. దిగడం మాత్రం బస్సులోనే, బూట్లు ముందే పైకి పంపించి.