మసిని బట్టి మా ప్రయాణం

వేరే రాష్ట్రానికి ఇల్లు మారుతున్నామని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది పిల్లల చదువు సంగతి, ఆ తరువాత సామాను సంగతి. మా ఇంట్లో మాత్రం బయలుదేరే తేదీ మొదలుకొని కొత్త ఇంట్లో ఏ గది ఎవరిదన్న పంపకం దాకా ప్రతిదీ మసిని బట్టే తేలుతోంది. మసి మా నల్ల పిల్లి. ఈ మాట పైకి అంటే మా వారు నవ్వుతారు గాని, ఇందులో తర్కం లేకపోలేదు. చోటు మారడం ఇంట్లో అందరికన్నా ఎవరికి కష్టమో వారిని దృష్టిలో పెట్టుకొని ఏర్పాట్లు చేస్తే, మిగిలినవారికి అవి ఎలాగూ సరిపోతాయి.

కుక్కతో ఈ చిక్కు లేదు. మా భైరవుడు ముసలివాడు, వెనక కాళ్ళలో కీళ్ళవాతం ఉంది, మెట్లెక్కాలంటే ఆలోచిస్తాడు. అయినా మనుషులు వెంట ఉంటే ఎక్కడైనా అతనికి ఇల్లే. పిల్లి అలా కాదు, తన చోటును తన వాసనతో కట్టుకుంటుంది. గుమ్మానికీ కుర్చీ కాళ్ళకూ మన పిక్కలకూ బుగ్గలు రాసేటప్పుడు అక్కడి గ్రంథుల నుంచి వెలువడే వాసనను వాటికి అంటిస్తుంది. ఆ వాసన మన ముక్కుకు అందదు గాని, ఇది నాకు తెలిసిన చోటే అన్న భరోసా దానికి అందులోనే దొరుకుతుంది. ఇల్లు మారడమంటే ఆ భరోసా అంతా ఒక్క రోజులో తుడిచిపెట్టుకుపోవడం. దీని గురించి దానికి ముందుగా నాలుగు మాటలు చెప్పి ఒప్పించే వీలూ లేదు. పిల్లలకు పటం చూపించాం, కొత్త బడి ఫొటోలు చూపించాం, అత్తయ్యతో వాదించాం, బతిమాలాం. మసితో మాట్లాడాలంటే వాసనతోనూ వేళలతోనూ మాత్రమే మాట్లాడాలి.

అందుకే దాని ప్రయాణపు పెట్టె చాలా రోజులుగా హాలు మూలనే, తలుపు తీసి ఉంటోంది. పిల్లిని వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళే రోజున మాత్రమే పెట్టెను అటక మీద నుంచి దింపితే, ఆ చప్పుడు వినగానే మంచం కిందికి దూరడం అది నేర్చుకుంటుంది. మసి తనంత తానుగా లోపలికి వెళ్ళి పడుకోవడం మొదలుపెట్టాక పెట్టెలోనే తిండి పెట్టాం, తలుపు కాసేపు మూసి తీశాం, మూసిన పెట్టెతో కారులో వీధి చివరి వరకు తిప్పి తెచ్చాం. ఈ ఉదయం చూస్తే పెట్టెలో ముడుచుకొని నిద్రపోతోంది. లోపల పరిచిన పాత దుప్పటిని ఉతకవద్దని ఇంట్లో అందరికీ మరోసారి చెప్పాను. శుభ్రత మీద పట్టింపు ఉన్న అత్తయ్యకు ఇది మింగుడు పడలేదు. ఆ దుప్పటిలోని వాసనే కొత్త ఇంట్లో దానికి తెలిసిన మొదటి గుర్తు అవుతుందని వివరిస్తే, ముక్కు మూసుకొని సరేనన్నారు.

పది గంటలకు రెండింటినీ వెటర్నరీ డాక్టరుకు చూపించాం. కాగితాల విషయంలో ఆయన చెప్పిన క్రమం నాకు నచ్చింది. ముందు ఏ రాష్ట్రానికి వెళ్తున్నామో ఆ రాష్ట్రపు నియమాలు, తరువాత ప్రయాణ సాధనం నియమాలు, ఆ తరువాతే మన సౌకర్యం. రేబిస్ టీకా మొదటిసారి వేయించినదైతే దాన్ని చాలా చోట్ల 21 రోజులు గడిచాకే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, బయలుదేరే వారంలో హడావిడిగా వేయిస్తే ప్రయోజనం ఉండదు. ఆరోగ్య ధ్రువపత్రం సంగతి దీనికి తారుమారు. దాన్ని మరీ ముందుగా తీసుకుంటే గడువు దాటిపోతుంది. విమానంలో అయితే ప్రయాణానికి 10 రోజుల లోపు ఇచ్చిన పత్రమే కావాలని అడిగే సంస్థలు చాలానే ఉన్నాయి. ఒకటి ముందుగా, మరొకటి ఆలస్యంగా. ఈ రెండింటి మధ్య సరిగ్గా ఇమిడేలా తేదీ ఎంచుకోవడమే అసలు పని. మా వారి కొత్త ఉద్యోగం తేదీని కూడా ఇందులో ఇరికించేసరికి క్యాలెండరులో మిగిలిన ఖాళీ బహు కొంచెం.

రాష్ట్రాల నియమాలంటే నిన్నమొన్నటి దాకా ఏదో లాంఛనమనుకునేదాన్ని. చదివేకొద్దీ ఆశ్చర్యం కలుగుతోంది. అమెరికాలో హవాయి రాష్ట్రంలో రేబిస్ లేదు. దాన్ని అలాగే కాపాడుకోవడానికి, ముందస్తు పరీక్షలూ టీకాలూ పద్ధతి ప్రకారం పూర్తి కాని కుక్కలనూ పిల్లులనూ 120 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు, అవి అదే దేశంలోని మరో రాష్ట్రం నుంచి వచ్చినా సరే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో కుందేలును పెంపుడు జంతువుగా ఉంచుకోవడమే నేరం, సరిహద్దు దాటి న్యూ సౌత్ వేల్స్‌లోకి వెళ్తే అదే కుందేలును పిల్లలు ఒడిలో పెట్టుకోవచ్చు. ముంగిసను పోలిన ఫెరెట్ అనే చిన్న జంతువును కాలిఫోర్నియాలో పెంచుకోనివ్వరు, పక్కనున్న నెవాడాలో పెంచుకోవచ్చు. మావి కుక్కా పిల్లే కాబట్టి అంత చిక్కు రాలేదు గాని, ఇంట్లో చిలుకో తాబేలో ఉన్నవారు సామాను కట్టుకోవడానికన్నా ముందు చట్టం చదువుకోవాలి.

మత్తుమందు సంగతి అడిగాను. దారి పొడవునా అరవకుండా నిద్రపుచ్చితే మంచిది కదా అని బంధువులు చాలామంది సలహా ఇచ్చారు. డాక్టరు అడ్డంగా తల ఊపారు. మత్తులో ఉన్న జంతువు తన శరీర ఉష్ణోగ్రతను సరిగా అదుపు చేసుకోలేదు, రక్తపోటు పడిపోవచ్చు, వాహనం కుదిపినప్పుడు నిలదొక్కుకోలేదు. విమానంలో అయితే దగ్గర ఉండి చూసేవారు కూడా ఉండరు. పశువైద్య సంఘాలు విమాన ప్రయాణానికి మత్తు వద్దనే సాధారణంగా చెబుతాయి. మసికి భయం తగ్గించే మాత్ర ఒకటి ఆయన విడిగా రాశారు, దాన్ని ముందుగా ఇంట్లోనే ఒకసారి వేసి, ఎలా పనిచేస్తుందో చూడమన్నారు. బయలుదేరే ఉదయమే మొదటిసారి మందు వేసి పరీక్షించకూడదన్నది మనుషుల విషయంలోనూ పాటించదగ్గ నియమమే. తిండి కూడా బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తేలికగా పెట్టి ఆపాలట. నీళ్ళు మాత్రం ఆపకూడదు.

విమానమా, కారా అన్న వాదన ఇంట్లో కొన్నాళ్ళు నడిచింది. విమానంలో అయితే పెట్టె కొలతలకు అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నియమాలు ఉన్నాయి: జంతువు లోపల తల వంచకుండా నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, సహజంగా కాళ్ళు చాపి పడుకోగలగాలి. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి ఇబ్బంది ఉంటుంది కాబట్టి, వాటిని సామాను గదిలో ఎక్కించుకోవడానికి చాలా సంస్థలు ఒప్పుకోవు. భైరవుడి ముక్కు పొడుగ్గానే ఉంది గాని, అతని కీళ్ళూ అతని వయసూ చూశాక అతన్ని ఒంటరిగా చీకట్లో పంపడానికి నాకు మనసు ఒప్పలేదు. కారే ఖాయమైంది. దారిలో ఒక రాత్రి ఆగాలి, జంతువులను రానిచ్చే బసను ముందే మాట్లాడి ఉంచాలి, ఇది మా వారి వంతు. నాకున్న షరతు ఒక్కటే: భోజనానికి ఆగినప్పుడు ఒకరు కారు దగ్గరే ఉండాలి. బయట వాతావరణం హాయిగా అనిపించే రోజున కూడా ఎండలో మూసి ఉంచిన కారు లోపల గంట తిరక్కుండానే వేడి 40 డిగ్రీలు దాటగలదు, అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాదు. కుక్కకు పాదాల అడుగున తప్ప పెద్దగా చెమట పట్టదు, వగర్చడం ద్వారానే ఒళ్ళు చల్లబరుచుకోవాలి. గాలే వేడెక్కితే ఆ ఉపాయమూ పారదు.

మధ్యాహ్నం అసలు పోరు మొదలైంది. మా అమ్మాయికి ఒక చేపల తొట్టె ఉంది. దాన్ని తీసుకెళ్ళడం లేదని, కింది అంతస్తులో ఉన్న ఆమె స్నేహితురాలి తొట్టెలో చేపలను వదిలి వెళ్తున్నామని ఈరోజే చెప్పాం. "మసికి ఇన్ని ఏర్పాట్లు చేస్తారు, నా చేపలను మాత్రం ఇచ్చేస్తారా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే కాబట్టి చిన్నపిల్లకు చెప్పే జవాబు ఇచ్చి తప్పించుకోవాలనిపించలేదు, పక్కన కూర్చోబెట్టుకొని వివరించాను. చేపలు బతికేది నీళ్ళ వల్ల మాత్రమే కాదు. అవి విసర్జించే అమోనియా వాటికే విషం. ఫిల్టరు స్పాంజిలో పెరిగే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైటుగా, తరువాత అంత హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఆ బాక్టీరియా తొట్టెలో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. స్పాంజిని తడిగా ఉంచి తీసుకెళ్తే కొంత మిగులుతుంది నిజమే. కానీ రెండు రోజుల దారి, రాత్రి బస, ఎప్పుడు చేరుతుందో తెలియని సామాను లారీ, చేరాక ఎలాంటి నీళ్ళో తెలియని కొత్త ఊరు. ఇన్ని తెలియనివాటి మధ్య చేపలను ఉంచడం కన్నా, ఏళ్ళుగా నడుస్తున్న తొట్టెలో వదలడమే వాటికి మేలు. అంతా విని, "అయితే మసిని కూడా ఇక్కడే ఎవరికైనా ఇస్తే దానికీ మేలే కదా?" అంది.

దానికి వెంటనే జవాబు తట్టలేదు. మసి మనుషులను గుర్తుపడుతుంది, మన గొంతు విని వస్తుంది, మనం ఉన్న గదిలోనే పడుకుంటుంది అన్నాను. తన చేపలు కూడా తాను వస్తే పైకి వస్తాయని అది వాదించింది. వెంట తీసుకెళ్ళడం ఎవరి మేలు కోసం అన్న ప్రశ్నకు ప్రతి ప్రాణి విషయంలోనూ విడిగానే జవాబు వెతుక్కోవాలి, ఒక్కోసారి ఆ జవాబు మనకు నచ్చదు. చివరకు ఒప్పుకుంది గాని సంతోషంగా కాదు. చేపలను కింది ఇంట్లోకి మార్చే పని తానే చేస్తానని, సంచిని ఆ తొట్టె నీళ్ళలో తేల్చి రెండు నీళ్ళ వేడీ సమానమయ్యాక కొద్దికొద్దిగా కలపడం కూడా తనకే తెలుసని ఖచ్చితంగా చెప్పింది. దాని చేతికి అప్పగించాం.

సాయంత్రం మా వారు కొత్త ఇంటి పటం తెచ్చి బల్ల మీద పరిచారు. లారీ దింపే రోజున ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. పిల్లులు తప్పిపోయేది ఎక్కువగా అలాంటి రోజునే. అందుకని ఇక్కడ సామాను ఎక్కించేటప్పుడు మసి స్నానాల గదిలో, తలుపు మీద "లోపల పిల్లి ఉంది, తీయవద్దు" అన్న కాగితంతో ఉంటుంది. అక్కడ చివరనున్న చిన్న గదిని దానికే కేటాయించాం. మిగతా పెట్టెలు ముట్టుకోకముందే ఆ గదిలో పాత దుప్పటి, తిండి గిన్నె, వాటికి దూరంగా మలమూత్రాలకు మట్టి ట్రే, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె అమరాలి. మొదట ఆ ఒక్క గది, అది కుదుటపడి తినడం మొదలుపెట్టాక రెండోది, అలా ఇల్లంతా. పిల్లి రెండు రోజులకు మించి ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణాపాయం రావచ్చు కాబట్టి, అలిగింది లెమ్మని ఊరుకోకూడదు. బయటికి మాత్రం కనీసం రెండు మూడు వారాలు వదలకూడదు. వదిలితే పాత ఇంటిని వెతుక్కుంటూ పోతుంది, ఆ పాత ఇల్లేమో రాష్ట్రం అవతల.

ఇదంతా చూస్తూ మౌనంగా కూర్చున్న అత్తయ్య, "పిల్లికి ముందే ఒక గది సర్దుతారన్నమాట. మరి నాకో?" అని అడిగారు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆవిడ మాటలో అలక ఉంది, హాస్యమూ ఉంది, ఏది ఎంతో చెప్పడం కష్టం. ఆవిడ బీరువా చివరన కట్టాలని, కొత్త చోట మొదట విప్పాలని, ఆవిడ పక్క దుప్పటి కూడా ఉతక్కుండానే తెస్తామని మా వారన్నారు. నవ్వి, దుప్పటి మాత్రం ఉతికే తెమ్మన్నారు. తరువాత పటం తన వైపు తిప్పుకొని, ఉదయపు వెలుగు ఏ కిటికీలో పడుతుందో, స్నానాల గదికి రాత్రి పూట ఎన్ని అడుగులు నడవాలో, తన మంచం ఏ గోడకు వేయాలో చాలాసేపు అడిగారు. భైరవుడు జారిపడకుండా నడవాలో పరచాలనుకున్న రబ్బరు చాపను స్నానాల గది గుమ్మం దాకా పొడిగించమని కూడా ఆవిడే చెప్పారు. పిల్లలతో ఇంత మాట్లాడినవాళ్ళం ఆవిడ ముందు ఈ పటం పరచడం ఇదే మొదటిసారి.

రాత్రి పడుకోబోయే ముందు మసికీ భైరవుడికీ గుర్తింపు కోసం వేయించిన మైక్రోచిప్‌ల నమోదు చూసుకున్నాను. చర్మం కింద ఉండే ఆ చిన్న గొట్టంలో బ్యాటరీ ఉండదు, జంతువు ఎక్కడుందో అది చెప్పలేదు. స్కానరు దగ్గరగా పెడితే 15 అంకెల సంఖ్య మాత్రం కనిపిస్తుంది. ఆ సంఖ్యకు ఎదురుగా రిజిస్టరులో ఉన్న ఫోను నంబరూ చిరునామా తాజాగా లేకపోతే చిప్ ఉన్నా లేనట్టే. రెండింటికీ నా నంబరుతో పాటు అమ్మాయి నంబరు చేర్చాను, మెడ పట్టీల మీద కూడా కొత్త బిళ్ళలు వేయించాలి. సామాను జాబితాలో కొత్తగా చేరినవి: రబ్బరు చాప ఇంకొక మూర, అత్తయ్య గదికి రాత్రి దీపం, మసి మాత్ర ముందుగా వేసి చూడడానికి ఆదివారం. మా వారు ఆ రోజు ఇంట్లోనే ఉంటారు.