బిల్డ్ సరే, బోర్డు ఏదీ? డాకర్‌లో ఎస్‌టీఎం32 సెటప్: నా అనుభవం

టీమ్‌లో ఒక్కొక్కరి మెషీన్‌లో ఒక్కో కంపైలర్ వెర్షన్ ఉంటే, ఒకే కోడ్‌కి ఒక్కో సైజులో బైనరీ వస్తుంది. ఆ గొడవ వదిలించుకోవడానికి కంపైలర్, డీబగ్గర్ లాంటి పనిముట్లున్న టూల్‌చెయిన్ మొత్తాన్ని డాకర్ ఇమేజ్‌లో పెట్టేశాను. ఇమేజ్ అంటే పనిముట్లన్నీ సర్దిన అచ్చు; దాన్ని నడిపితే మెషీన్ నుంచి విడిగా ఉండే కంటైనర్ వస్తుంది. బోర్డు ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ ఉన్న న్యూక్లియో ఎఫ్446ఆర్‌ఈ, హోస్ట్ అంటే డాకర్ నడిచే మెషీన్ ఉబుంటు, ఎడిటర్ వీఎస్ కోడ్. ఇప్పుడు అంతా నడుస్తోంది. విసుగు చల్లారకముందే రాసేస్తున్నాను.

బిల్డ్ వరకు పెద్ద కథేమీ లేదు. బేస్ ఇమేజ్ డెబియన్ 12 స్లిమ్. కంపైలర్ ఆర్మ్ జీసీసీ 12.2, బోర్డుని ఫ్లాష్, డీబగ్ చేసే ఓపెన్‌ఓసీడీ 0.12 రెండూ దాని రిపోజిటరీలోనే ఉన్నాయి. వాటితో పాటు సీమేక్, నింజా, గిట్, డీబగ్గర్ జీడీబీ-మల్టీఆర్క్ చాలు. ఇమేజ్ చిన్నగా ఉండాలని ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్‌కి 'నో ఇన్‌స్టాల్ రికమెండ్స్' పెట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: న్యూలిబ్ అనే సీ లైబ్రరీ కంపైలర్ ప్యాకేజీకి డిపెండెన్సీ కాదు, రికమెండేషన్ మాత్రమే. దాన్ని పేరు పెట్టి అడగకపోతే లింక్ దగ్గర దాని 'నానో.స్పెక్స్' ఫైలు దొరకలేదంటూ ఆగిపోతుంది.

బేస్ ఇమేజ్‌ని దాని వేలిముద్ర లాంటి షా256 డైజెస్ట్‌తో బిగించినంత మాత్రాన ఆప్ట్ తెచ్చే ప్యాకేజీలు బిగిసిపోవు. ఇమేజ్ ఒకసారి కట్టి, ఇమేజ్‌లు దాచే సర్వర్ అయిన రిజిస్ట్రీలోకి ఎక్కించి, టీమ్ అంతా ఆ కట్టిన ఇమేజ్ డైజెస్ట్‌నే వాడాలి. ఎవరికి వాళ్ళు ఇమేజ్ తయారీ సూచనలుండే డాకర్‌ఫైల్ నుంచి కట్టుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది.

కంటైనర్ యూజర్ ఐడీ హోస్ట్‌లో మీ ఐడీతో కలవాలి, సాధారణంగా అది 1000. లేకపోతే బిల్డ్ ఫోల్డర్ రూట్ సొంతమైపోయి, దాన్ని తీసేయడానికి కూడా సుడో కావాల్సి వస్తుంది. బేస్‌గా ఉబుంటు 24.04 తీసుకుంటే అందులో 'ఉబుంటు' అనే యూజర్ ముందే 1000 మీద కూర్చుని ఉంటాడు; కొత్త యూజర్‌ని చేర్చే ముందు అతన్ని తీసేయండి.

ఇక తల ప్రాణం తోకకు తెచ్చిన భాగం యూఎస్‌బీ.

కంటైనర్‌లో యూఎస్‌బీ పరికరాల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొడితే, బోర్డు మీదున్న డీబగ్ ప్రోబ్ ఎస్‌టీ-లింక్ 0483:374బి అని చక్కగా కనపడుతుంది. ఓపెన్‌ఓసీడీ మాత్రం 'ఓపెన్ ఫెయిల్డ్' అంటుంది. పక్కనే కనపడుతున్నదాన్ని తెరవలేకపోవడం ఏమిటి? ఎల్‌ఎస్‌యూఎస్‌బీ తన జాబితాని, కెర్నెల్ పరికరాల వివరాలు చూపే /సిస్ నుంచి చదువుకుంటుంది, ఆ /సిస్‌లో కంటైనర్‌కీ హోస్ట్ పరికరాలన్నీ కనపడతాయి. ఓపెన్‌ఓసీడీకి కావలసింది /డెవ్/బస్/యూఎస్‌బీ కింద ఉండే అసలు నోడ్, అంటే పరికరాన్ని తెరిచే ఫైలు, అదీ రాసే హక్కుతో. అంటే ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో కనపడటం దేనికీ రుజువు కాదు. 'లిస్టులో వచ్చింది కదా, ఇంకేముంది' అనే ట్యుటోరియల్స్‌ని నమ్మకండి.

నోడ్ తెరవాలంటే మూడు గడపలు దాటాలి. మొదటిది, నోడ్ కంటైనర్ లోపల ఉండాలి. డాకర్ 'డివైస్' ఆప్షన్ కంటైనర్ మొదలైన క్షణంలో ఉన్న నోడ్‌నే లోపలికి ఇస్తుంది. కేబుల్ పీకి మళ్ళీ పెడితే కెర్నెల్ కొత్త నంబర్ ఇస్తుంది: 001/005 కాస్తా 001/006 అవుతుంది. లోపల ఉన్నది మాత్రం పాత 005. పొద్దున పనిచేసింది మధ్యాహ్నం చేయకపోవడానికి కారణం ఇదే. అందుకని /డెవ్/బస్/యూఎస్‌బీ ఫోల్డర్ మొత్తాన్ని బైండ్ మౌంట్ చేయండి, అంటే హోస్ట్ ఫోల్డర్‌నే లోపల కనపడేలా చేయండి. కొత్త నోడ్‌లు వాటంతటవే లోపల ప్రత్యక్షమవుతాయి.

రెండోది సీగ్రూప్, అంటే కంటైనర్ ఏ పరికరాలు వాడొచ్చో చెప్పే కెర్నెల్ అదుపు. మౌంట్ చేసినంత మాత్రాన తెరవనివ్వదు. డివైస్-సీగ్రూప్-రూల్ ఆప్షన్‌కి 'సి 189:* ఆర్‌ఎమ్‌డబ్ల్యూ' ఇవ్వాలి. 189 అంటే యూఎస్‌బీ నోడ్‌ల మేజర్ నంబర్, పరికరం ఏ రకమో చెప్పేది. సీరియల్ పోర్టులకి ఇది వర్తించదు. టీటీవైఏసీఎమ్ మేజర్ 166, టీటీవైయూఎస్‌బీ మేజర్ 188.

మూడోది ఫైల్ అనుమతి. నోడ్‌లకి అనుమతులు పెట్టే యూడెవ్ రూల్స్‌ని డాకర్‌ఫైల్‌లో కాపీ చేసే మహానుభావులు ఎంతమందో! కంటైనర్‌లో యూడెవ్ నడవదు, ఆ ఫైలు అక్కడ అలంకారం. ఓపెన్‌ఓసీడీతో వచ్చే 60-ఓపెన్‌ఓసీడీ రూల్స్ ఫైల్‌ని హోస్ట్‌లో /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డి లో పెట్టి, రూల్స్ రీలోడ్ చేసి, కేబుల్ పీకి పెట్టండి. నోడ్ ప్లగ్‌డెవ్ గ్రూప్‌కి వస్తుంది. కెర్నెల్ చూసేది గ్రూప్ పేరు కాదు, నంబర్. డెబియన్, ఉబుంటు రెండింటిలోనూ ప్లగ్‌డెవ్ 46, సీరియల్ పోర్టుల గ్రూప్ డయలౌట్ 20 కాబట్టి డాకర్‌ఫైల్‌లోనే యూజర్‌ని ఈ రెండింటిలో చేరిస్తే సరిపోతుంది. హోస్ట్ వేరే డిస్ట్రో అయితే ఎల్‌ఎస్‌కి 'ఎల్‌ఎన్' ఆప్షన్ పెట్టి నంబర్లు సరిచూసుకోండి.

ఏ గడప దగ్గర ఆగామో తెలుసుకోవడం తేలికే. కంటైనర్ బాష్‌లో 'ఎగ్జెక్ 3<>' అని రాసి పక్కన నోడ్ పాత్ ఇవ్వండి. 'నో సచ్ ఫైల్' అంటే మౌంట్ లేదు. 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటే సీగ్రూప్ ఆపింది. 'పర్మిషన్ డినైడ్' అంటే గ్రూప్ దగ్గర తేడా. ఈ మూడు సందేశాల్ని ఒకే గాటన కట్టి 'ప్రివిలేజ్డ్ పెట్టేయ్' అని సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, ఒక్క ప్రోబ్ కోసం హోస్ట్ డిస్కులతో సహా అన్ని పరికరాలూ కంటైనర్ చేతికి ఇచ్చేస్తారు. పైగా ఫోల్డర్ మౌంట్ లేకుండా ప్రివిలేజ్డ్ పెట్టినా, కేబుల్ పీకి పెడితే కొత్త నోడ్ లోపలికి రాదు.

సీరియల్ మానిటర్‌ని నేను హోస్ట్‌లోనే ఉంచాను. అది తెరిచి ఉండగా కేబుల్ పీకి పెడితే పోర్ట్ టీటీవైఏసీఎమ్0 నుంచి టీటీవైఏసీఎమ్1కి మారిపోతుంది, పాత హ్యాండిల్ ఇంకా వదల్లేదు కనుక. హోస్ట్‌లో అయితే /డెవ్/సీరియల్/బై-ఐడీ కింద స్థిరమైన పేరు దొరుకుతుంది. మీ బోర్డులో సీహెచ్340 చిప్ ఉండి, ఉబుంటు 22.04లో పోర్ట్ అసలు రాకపోతే డాకర్‌ని తిట్టకండి. బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై ఆ 1ఏ86:7523 ఐడీని తనదనుకుని లాక్కుంటుంది. ఆ ప్యాకేజీ అవసరం లేకపోతే తీసేయండి.

విండోస్ వాళ్ళకి దారి విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2, దానికి యూఎస్‌బీ పరికరాన్ని అప్పగించే యూఎస్‌బీఐపీడీ. 'బైండ్' ఒక్కసారి చేస్తే రీబూట్ తర్వాత కూడా నిలుస్తుంది, కానీ దానికి అడ్మిన్ హక్కు కావాలి. ఆఫీసు ఐటీ వాళ్ళకి టికెట్ వేసేటప్పుడు 'డాకర్' అన్న మాట ఎత్తకండి, సెక్యూరిటీ రివ్యూ అంటూ పక్కన పడేస్తారు. 'యూఎస్‌బీ డీబగ్ ప్రోబ్‌కి ఒక్కసారి అడ్మిన్' అని అడిగితే పని అవుతుంది. 'అటాచ్' మాత్రం కేబుల్ పీకినప్పుడల్లా మళ్ళీ చేయాలి, లేదా 'ఆటో-అటాచ్' పెట్టుకోవాలి. అటాచ్ అయి ఉన్నంతసేపు విండోస్ టూల్స్‌కి ప్రోబ్ కనపడదు. కోడ్‌ని సి డ్రైవ్‌లో కాకుండా డబ్ల్యూఎస్‌ఎల్ ఫైల్ సిస్టమ్‌లోనే ఉంచండి, బిల్డ్ వేగంలో తేడా మీకే తెలుస్తుంది.

మ్యాక్‌లో నేను యూఎస్‌బీని లోపలికి తీసుకెళ్ళే ప్రయత్నమే చేయను. ఓపెన్‌ఓసీడీని హోస్ట్‌లో నడిపి, కంటైనర్‌లోని జీడీబీ నుంచి 'హోస్ట్.డాకర్.ఇంటర్నల్' పేరుతో పోర్ట్ 3333కి కనెక్ట్ అవుతాను. ఫ్లాష్ చేయడానికి జీడీబీ 'లోడ్' వాడితే బిల్డ్‌లో వచ్చిన ఈఎల్‌ఎఫ్ ఫైల్‌ని కంటైనర్ నుంచే పంపుతుంది. ఓపెన్‌ఓసీడీ 'ప్రోగ్రామ్' ఆదేశం వాడితే మాత్రం అది ఫైల్‌ని హోస్ట్ వైపు వెతుక్కుంటుంది, కంటైనర్ పాత్ ఇస్తే దొరకదు.