బరువు కాదు, దూరమే అసలు తలనొప్పి

2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో పరికరాలకి దొరికిన మొట్టమొదటి గురుత్వ తరంగం, అంటే భారీ వస్తువుల కదలికలకి అంతరిక్షంలోనే పుట్టే అల, గుర్తుందా? సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు బరువున్న రెండు బ్లాక్ హోల్స్ కలిసిపోయాయి. అంత బరువైనవి ఎక్కడివని చాలామంది నోరెళ్లబెట్టారు గానీ, జపాన్‌లో తొమొయా కినుగావా బృందం 2014లోనే, విశ్వంలో పుట్టిన మొదటి తరం నక్షత్రాల జంటలు చివరికి ఇంచుమించు ముప్పయ్యేసి సూర్యుల బరువుండే బ్లాక్ హోల్స్‌గా మిగులుతాయని లెక్కగట్టేసింది.

బరువు సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. అప్పట్లో ఉన్నది హైడ్రోజన్, హీలియం, చిటికెడు లిథియం, అంతే. కార్బన్, ఆక్సిజన్ లేకపోతే వాయువు సరిగా చల్లబడదు, చల్లబడకపోతే చిన్న చిన్న ముక్కలుగా విడిపోదు, అందుకే నక్షత్రాలు భారీగా పుట్టేవి. పైగా వాటి నుంచి వీచే గాలులు బలహీనం కాబట్టి ఒంట్లో బరువు చివరిదాకా నిలిచేది.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది దూరం. ముప్పయ్యేసి సూర్యుల బరువున్న రెండు బ్లాక్ హోల్స్ భూమికీ సూర్యుడికీ ఉన్నంత ఎడంలో తిరుగుతున్నాయనుకోండి, గురుత్వ తరంగాల వల్ల శక్తి పోయి అవి కలవడానికి దాదాపు 6 లక్షల కోట్ల ఏళ్లు కావాలి, విశ్వం వయసేమో 1,380 కోట్ల ఏళ్లే! అదే 3 కోట్ల కిలోమీటర్లకి, అంటే బుధుడి దూరంలో సగానికి, దగ్గరైతే వెయ్యి కోట్ల ఏళ్లలోపే పని అయిపోతుంది. దూరం సగమైతే సమయం 16 వంతుల్లో ఒక వంతే. కానీ మామూలు భారీ నక్షత్రాలు వయసైపోయాక విపరీతంగా ఉబ్బుతాయి, అంత దగ్గరుంటే ఒకదాని పొరల్లోకి ఇంకోటి వెళ్లిపోయి బోలెడు పదార్థం ఎగిరిపోతుంది, ఒక్కోసారి జంటే మిగలదు. మొదటి తరంలో 50 సూర్యుల లోపువి అంతగా ఉబ్బకుండా నీలంగానే ఉండిపోతాయి కాబట్టి, పక్కదానికి పదార్థం నెమ్మదిగా అందిస్తూ రెండూ బరువుగానే మిగలగలవు. నాకు బాగా నచ్చింది ఈ భాగమే.

అలాగని ప్రతి భారీ బ్లాక్ హోల్ జంటనీ మొదటి తరం నక్షత్రాల ఖాతాలో వేసేయకూడదు. 2023 నవంబర్‌లో దొరికిన జంట, కలిశాక 225 సూర్యుల దాకా తేలింది, చాలా వేగంగా గిర్రున తిరుగుతోంది; అలాంటివి అంతకుముందే ఒకసారి కలిసినవై ఉండొచ్చన్న వాదనే నాకు సబబుగా తోస్తుంది. ఏవి మొదటి తరానివో తేలాలంటే బరువు కాదు, ఎప్పుడు కలిశాయో చూడాలి. యూరప్‌లో తలపెట్టిన ఐన్‌స్టీన్ టెలిస్కోప్ (ఇదీ గురుత్వ తరంగాల్ని పట్టేదే) వస్తే విశ్వం వయసు ఇంకా 50 కోట్ల ఏళ్లు కూడా లేనప్పటి కలయికలు వినొచ్చు, అప్పటికి తర్వాతి తరం నక్షత్రాలకి పుట్టి, బ్లాక్ హోల్స్‌గా మారి, కలిసిపోయేంత టైమ్ ఉండదు. మిగిలే పోటీదారు అసలు నక్షత్రాలే లేకుండా ఆదిలో పుట్టి ఉండొచ్చంటున్న బ్లాక్ హోల్స్ మాత్రమే, వాటి గొడవ ఇంకో పోస్టుకి సరిపోతుంది.