న్యూట్రల్‌లో వెయ్యాలా?

"పల్లమే కదా బావా, న్యూట్రల్‌లో వేసెయ్, పెట్రోల్ మిగులుతుంది" అంటూ పక్క సీట్లోంచి సలహా. వెయ్యలేదు. గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. డాష్‌బోర్డులో మైలేజీ అంకె గబగబా ఎక్కి 99.9 దగ్గర ఆగింది. మనవాడు ముందుకు వంగి మరీ చూశాడు.

ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో, అంటే ఇంధనాన్ని కంప్యూటర్ కొలిచి చిమ్మే వాటిలో, అలా కాలు తీస్తే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, ఇంధనం సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఆరిపోకుండా ఉండటానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీదే. ఇంజెక్షన్ రాకముందు ఇంధనాన్ని గాలితో కలిపిన కార్బురేటర్ల కాలం నాటి సలహా ఇంకా వదల్లేదు!

నాకు ఒళ్లు మండేది ఇంకోటి. ఎదురుగా రెడ్ లైటు కనిపిస్తున్నా అక్కడిదాకా తొక్కుకుంటూ పోయి సడన్ బ్రేకు వెయ్యడం. డబ్బిచ్చి కొన్న పెట్రోలే కదా, బ్రేకుల్లో వేడైపోయేది.