గండికోటలో కారు కరెంటుతో సంగటి

కారులో సిగరెట్ లైటర్ సాకెట్ ఉంది కదా అని గండికోటకు ఇండక్షన్ స్టవ్ కూడా వేసుకుని బయల్దేరితే, అక్కడ పస్తే. చాలా కార్లలో ఆ సాకెట్ ఫ్యూజు 10 లేదా 15 ఆంపియర్లు. అంటే 12 వోల్టుల మీద 120 నుంచి 180 వాట్లు. ఇండక్షన్‌కి 1500 వాట్లు కావాలి, బ్యాటరీ నుంచి 125 ఆంపియర్లకు పైనే లాగాలి. స్టవ్ ఇంట్లోనే పెట్టి రండి.

సాకెట్‌తో వేడి చేసుకోవచ్చు, వండలేం. 120 వాట్ల కెటిల్‌లో అరలీటరు నీళ్లు మరగడానికి లెక్క ప్రకారం 20 నిమిషాలు, నిజానికి అరగంట పడుతుంది. ఇంజన్ ఆపినప్పుడు నిమ్మళంగా పనిచేసిన కెటిల్ ఇంజన్ ఆన్ చేయగానే ఫ్యూజు కొట్టేస్తుంటుంది. ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తిరిగితే వోల్టేజీ 14కు పోతుంది, 10 ఆంపియర్లు తాగే కాయిల్ 11.7 తాగుతుంది. ఎర్ర ఫ్యూజు 10, నీలం 15, పసుపు 20. ఎర్రది పోయిందని పసుపుది వేస్తే ఈసారి కాలేది వైరు. ఎర్ర ఫ్యూజు ఉన్న కారుకు 80 వాట్ల సామాను చాలు.

40 వాట్ల టిఫిన్ డబ్బాకు గంట పైనే కావాలి. అనంతపురం నుంచి వచ్చేవాళ్లు తాడిపత్రిలో ప్లగ్ పెడితే గండికోట చేరేసరికి పప్పు, చిత్రాన్నం వేడెక్కుతాయి. ఉగ్గానికి ఆ మాత్రం కూడా అక్కర్లేదు. బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, ఇంటి దగ్గర వేయించి తెచ్చిన తిరగమోత, పుట్నాల పొడి కలిపితే అయిపోయింది. ఉగ్గాని పక్కన బజ్జీల మీద ఆశ మాత్రం వదులుకోండి.

వేడి సంగటే కావాలంటే సాకెట్ జోలికి పోకూడదు. లీటరు రైస్ కుక్కర్, అదీ మీట నొక్కే పాత రకం, సుమారు 400 వాట్లు. దానికి 600 వాట్ల ఇన్వర్టర్ (12 వోల్టుల బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే డబ్బా), బ్యాటరీకే నేరుగా. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకు మించకూడదు, ప్లస్ టెర్మినల్ పక్కనే 60 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. సన్న వైరు వేస్తే దారిలోనే వోల్టేజీ పడిపోయి, బ్యాటరీ నిండుగా ఉన్నా ఇన్వర్టర్ కీచుమని ఆగిపోతుంది. తిట్లు మాత్రం ఇన్వర్టర్‌కు. ఇంజన్ ఆపి వండితే పాతిక నిమిషాలకు బ్యాటరీలోంచి 16 ఆంపియర్-అవర్లు (బ్యాటరీ నిల్వకు కొలత) పోతాయి. చిన్న కారు బ్యాటరీ మొత్తమే 35. తెల్లారి సెల్ఫ్ కొట్టకపోతే మెకానిక్ కోసం జమ్మలమడుగు దాకా పోవాలి. అందుకే ఇంజన్ ఆన్‌లో, ఏసీ ఆపి వండాలి.

అరగ్లాసు బియ్యం గంటసేపు నానబెట్టి, రెండున్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు వేయండి. మూత కొంచెం ఓరగా పెట్టకపోతే గంజి పొంగి సీటు మీదికొస్తుంది. మెతుకు వేలితో నొక్కితే నలిగిపోవాలి, పైన ఇంకా గంజి కనపడుతుండాలి. అప్పుడు గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోయండి. కలపొద్దు. కట్టెతో నడిమధ్య ఒక బొక్క పెట్టి మూత వేయండి. అడుగున గంజి చిక్కబడి వేడెక్కేసరికి మీట ‘టక్’మని ముందే లేస్తుంది. మళ్లీ నొక్కితే అడుగంటుతుంది. అలాగే పది నిమిషాలు మగ్గనిచ్చి, ప్లగ్ తీసి, గిన్నెను తడిగుడ్డ మీద పెట్టి కట్టెతో గెలకండి. తడిచేత్తో తాకితే అంటుకోకపోతే ఉడికినట్టు.

2023లో వచ్చిన కొత్త టాటా నెక్సాన్ ఈవీ లాంటి కరెంటు కార్లలో ఈ తంటా లేదు. అడాప్టర్ పెట్టుకుంటే 3.3 కేవీఏ (సుమారు 3300 వాట్లు) దాకా బయటికిస్తుంది, ఇండక్షనే పెట్టుకోవచ్చు. అరగంట వంటకు ముప్పావు యూనిట్.

పెట్రోలు, డీజిల్ బండ్లయితే సైలెన్సర్ వైపు టెంటు వేయొద్దు, పొగ లోపలికి పడుతుంది. ఎండాకాలం ఎండుగడ్డి మీద బండి నిలిపి ఇంజన్ నడపొద్దు. అరగంట తిరిగేసరికి సైలెన్సర్ గొట్టం కింది గడ్డిని అంటించేంత కాలుతుంది.